నోరీన్ పెట్టిన కామా

నోరీన్ హెస్లాప్ ముప్ఫై ఎనిమిదేళ్ళు కౌన్సిల్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేసింది. ఎవరో మాట్లాడి టేపు మీద పెట్టిన మాటల్ని చెవులకు గొట్టాలు తగిలించుకుని విని, కాగితం మీదికి దించడం ఆమె పని. బల్ల కింద కాలి దగ్గర ఒక పెడల్ ఉండేది. తొక్కితే టేపు నడిచేది, వదిలితే ఆగేది. నాలుగైదు మాటలు వినడం, పెడల్ వదలడం, టైపు కొట్టడం, మళ్ళీ తొక్కడం. కొన్నేళ్ళకు ఆ కాలు ఆమె ప్రమేయం లేకుండానే ఆడేది. ఇంట్లో భోజనాల దగ్గర తాను మరీ ఎక్కువ వాగుతుంటే బల్ల కింద ఆమె పాదం పైకి లేచేదనీ, అది చూసి తాను నోరు మూసుకునేవాణ్ణనీ ఆమె భర్త డెరిక్ కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

స్కార్త్‌డేల్ అంతా ఇనుప రాయి గని మీద బతికిన ఊరు. 1964లో గని మూతపడింది. ఇంకో పదేళ్ళకి, గనిలో దిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారని బడి పంతులు పైబస్ గారికి దిగులు పట్టుకుంది. ఆయన టేపు రికార్డరు చంకన పెట్టుకుని యార్క్‌షైర్ చలిలో ఇల్లిల్లూ తిరిగి, పదహారు మంది చేత మాట్లాడించాడు. టేపులన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి తెచ్చి నోరీన్ ముందుంచాడు.

"తొందరేం లేదమ్మాయ్, ఈస్టరు లోపల అయితే చాలు" అన్నాడు.

అప్పుడామెకు ఇరవై మూడేళ్ళు. ఆయన దగ్గర కామాలూ చుక్కలూ దిద్దుకున్న పిల్ల. కాదనే నోరెక్కడిది? ఆ చలికాలమంతా ఆఫీసు పని అయ్యాక ఒక గంట కూర్చుని టైపు చేసింది. ఈస్టరుకు పుస్తకం అచ్చయింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకటి చేరింది.

పదకొండో టేపు నార్మన్ వెల్బర్న్‌ది. 1958 అక్టోబరులో గని పైకప్పు కూలినప్పుడు అక్కడున్న ముగ్గురిలో బతికి బయటపడ్డవాడు అతనొక్కడే. మొదటిసారి కూలినప్పుడు జాక్ సోవర్బీ కాలు రాతి కింద చిక్కుకుపోయింది. నార్మన్ అందరికంటే చిన్నవాడు, సాయం పిలుచుకురావడానికి పరిగెత్తాడు. జాక్ దగ్గర సెత్ గార్బట్ మిగిలాడు. సాయం వచ్చేలోపల పైకప్పు రెండోసారి కూలింది. రెండు రోజులు తవ్వితే జాక్ రాతి కిందే దొరికాడు. సెత్ మాత్రం అతనికి అరవై గజాల దూరంలో, బయటికి వచ్చే దారిలో దొరికాడు. ఇద్దరూ పోయారు.

ఆ అరవై గజాల గురించి ఊరు పదహారేళ్ళు గొణుక్కుంది. కాలు చిక్కుకున్న మనిషిని వదిలేసి సెత్ పరిగెత్తాడా? గట్టిగా ఎవరూ అనలేదు. తెలిసినవాడు నార్మన్, ఎవరైనా ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. పైబస్ గారికి మాత్రమే చెప్పాడు. పుస్తకంలో నలభై ఒకటో పేజీ చివర అది ఇలా అచ్చయింది: "సెత్ వెనక ఉండిపోలేదు, భయపడి."

గొణుగుడు ఆ రోజుతో ఆగింది. అచ్చులో ఉన్న మాటను గొణగాల్సిన పనేముంది?

పోస్టాఫీసులో పుస్తకం అమ్మకానికి పెట్టిన రోజు సెత్ కూతురు ఐరిస్ ఒకటి కొనుక్కుని మెట్ల మీదే విప్పి చదివింది. అప్పుడు నోరీన్ స్టాంపుల కోసం లోపల నిలబడి ఉంది. ఐరిస్ వెనక్కి వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇది నాకొద్దు" అని ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఐరిస్ తల్లి ఆ ఆదివారం నుంచి చాపెల్‌కు ప్రార్థనలకి రావడం మానేసింది. గార్బట్ ఇంటివాళ్ళూ సోవర్బీ ఇంటివాళ్ళూ ఎదురుపడితే ఎవరో ఒకరు రోడ్డు దాటేవాళ్ళు. నార్మన్ మరుసటి ఏడే నాటింగ్‌హామ్ వైపు బొగ్గు గనులకు వెళ్ళిపోయాడు. నోరీన్‌కు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది గానీ, ఉన్నమాటే కదా కొట్టాను అని సరిపెట్టుకునేది. అలా నలభై నాలుగేళ్ళు గడిచాయి.

తర్వాత ఒక వసంతకాలంలో రూత్ అంకర్స్ వచ్చింది. యూనివర్సిటీ అమ్మాయి, సన్నగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒకపక్కకు వంచి ఉండేది. పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుంది. కొన్ని మాటలు అర్థం కావడం లేదు, సాయం చేయమని నోరీన్‌ను ఊరి లైబ్రరీ గదికి పిలిచింది.

"ఇంతకీ నీ చదువు దేని గురించమ్మా?" అని అడిగింది నోరీన్.

"కామాల గురించండీ."

"కామాలకి యూనివర్సిటీ దాకా వెళ్ళాలా?"

రూత్ నవ్వింది. "కాగితం మీద కామాలు కాదు. నోట్లో కామాలు ఉండవు కదా, మరి ఒక వాక్యంలో ఇంకో వాక్యాన్ని దూర్చి మాట్లాడినా వినేవాడికి తికమక ఎందుకు పడదు? అదీ నా పని. ఇది వినండి, నార్మన్ గారు."

టేపులోంచి నార్మన్ గొంతు వచ్చింది. జాక్ ఎడమ చేతివైపు ఉన్నాడని చెప్తూ, మధ్యలో 'మా ఆవిడకి మేనమామ కొడుకులే' అన్న ముక్కను గొంతు దించి, గబగబా, తలుపు కింద ఉత్తరం తోసినట్టు తోసేసి, మళ్ళీ మొదటి ఎత్తుకు వచ్చి మాట పూర్తి చేశాడు.

"చూశారా? ఆ ముక్క లేకపోయినా కథ ఆగదని గొంతే చెప్పేసింది. ఈయన భలే మనిషండీ. కారణం చెప్పేటప్పుడైతే ముందు మాటను నేలకి దించి, ఆగి, అప్పుడు మొదలెడతారు. 'ఆ రోజు దీపం పట్టుకెళ్ళలేదు. పాడైపోయిందని.' ఇలాంటివి పదకొండు ఉన్నాయి టేపులో. పదకొండూ ఒక్క తీరే." రూత్ కొంచెం తటపటాయించింది. "ఒక్కచోట మాత్రం పుస్తకానికీ టేపుకీ పొంతన కుదరడం లేదు. మీరొకసారి వింటారా?"

ఆ చోటు ఏదో వినకముందే నోరీన్‌కు తెలిసింది.

నార్మన్ అన్నాడు: "సెత్ వెనక ఉండిపోలేదు భయపడీ..."

ఎక్కడా ఆగలేదు. 'ఉండిపోలేదు' దగ్గర గొంతు దిగలేదు. ఒకే ఊపిరిలో చివరి దాకా వెళ్ళి, 'భయం' మీద ఊనిక వేసి, చివర కొంచెం కిందికి పోయి పైకి లేచింది. చేతిలో ఇంకా ఏదో పట్టుకుని ఉన్నవాడి గొంతు అది. వెంటనే తలుపు చప్పుడు, కప్పులు గలగలలాడిన చప్పుడు, వెల్బర్న్ భార్య 'టీ చల్లారిపోతోంది' అనడం, పైబస్ గారు 'సరే నార్మన్, ఇక్కడికి ఆపుదాం' అనడం, టిక్కుమని టేపు ఆగడం.

బల్ల కింద నోరీన్ పాదం పైకి లేచింది.

"మళ్ళీ పెట్టు" అంది.

మూడుసార్లు పెట్టించుకుంది. నాలుగోసారి కళ్ళు మూసుకుని, లేని పెడల్‌ను తొక్కుతూ వదులుతూ వింది. 'సెత్ వెనక ఉండిపోలేదు' దాకా విని కాలు ఎత్తింది. టైపు కొట్టింది. మళ్ళీ తొక్కింది. 'భయపడి.'

ఆ విరుపు నార్మన్‌ది కాదు. ఆమె కాలిది.

"మీరు బాగానే ఉన్నారా?" అంది రూత్.

"నాకు సరిగ్గా చెప్పు. దాని అర్థం ఏమిటి? నాకు తెలుసు, కానీ నువ్వు చెప్పు."

"విరిచి చెప్తే, ఆయన ఉండలేదు, కారణం భయం. విరవకుండా, భయం మీద ఊని, చివర లేపితే..."

"నేను డెరిక్‌ని చేసుకోలేదు వ్యాను ఉందనీ..." అంది నోరీన్ నెమ్మదిగా. "అంటే చేసుకున్నాను. వ్యాను కోసం కాదు."

"అదేనండీ. సరిగ్గా అదే."

"అయితే సెత్ ఉండిపోయాడు. భయంతో కాళ్ళు రాక కాదు, ఇంకెందుకో. ఆ ఇంకెందుకో చెప్పేలోపల టీ వచ్చింది."

 కంప్యూటర్ తెర మీద నార్మన్ గొంతు ఒక నీలం గీతలా ఆగి ఉంది, చివర కొక్కెంలా పైకి వంగి.

*

ఇంటికి వచ్చి నోరీన్ డెరిక్‌తో చెప్పింది. అతను గరాజ్‌లో కుళాయి బిగిస్తున్నాడు. మొదట నవ్వులాటగానే తీసుకున్నాడు.

"వ్యాను కోసం కాకపోతే మరి దేనికి చేసుకున్నట్టు?"

"డెరిక్, నేను మాట్లాడేది వేరు."

అతను పాన పక్కన పెట్టాడు. "విను. నువ్వు ఇరవై మూడేళ్ళ పిల్లవి. పైబస్ గారు చదివారు, అచ్చు వేసినవాళ్ళు చదివారు, ఊరంతా చదివింది. ఒక్కరూ కాదనలేదు. ఇప్పుడెళ్ళి ఆవిడకి చెప్తే ఆవిడకేం ఒరుగుతుంది? డెబ్భై ఏళ్ళ మనిషి. మానిన పుండు."

"మానిందని నీకెవరు చెప్పారు?"

 డెరిక్ ఆమెను కోటు వేసుకోమన్నాడు, బయట చినుకులు పడుతున్నాయి.

ఐరిస్ గార్బట్ పెళ్ళి చేసుకోలేదు. బడి వంటింట్లో పాతికేళ్ళు పనిచేసి, తల్లి పోయాక అదే ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. తలుపు తీసి నోరీన్‌ను చూసి ఆశ్చర్యపోయిందో లేదో ముఖంలో తెలియలేదు. లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబడి విన్నది. నోరీన్ దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి. పెడల్ గురించి చెప్పింది, కాలు గురించి చెప్పింది, గొంతు పైకి లేవడం గురించి చెప్పింది. మధ్యలో నాలుగుసార్లు క్షమించమంది.

"ఆగు" అంది ఐరిస్. "మా అమ్మ ఇరవై ఆరేళ్ళు చాపెల్ మెట్లెక్కలేదు. చివరికి శవప్పెట్టెలో వెళ్ళింది. అది కామా కోసమా?"

"అవును."

"నువ్వు పెట్టిన కామా."

"అవును ఐరిస్."

"తెలిసి పెట్టావా?"

ఆ ప్రశ్న నోరీన్ తనను తాను అప్పటికే అడుక్కుంది. "తెలిసి పెట్టలేదు. కానీ ఊళ్ళో అనుకునేది నా చెవినా పడేది. అది చెవిలో లేకపోతే నా చేతికి ఆ కామా అంత సులువుగా వచ్చేది కాదేమో. మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పి వినేదాన్నేమో."

 "వినిపించు" అంది ఐరిస్, పక్కకు జరిగి.

రూత్ ఆ ముక్కను ముందే నోరీన్ ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఐరిస్ రెండు చేతులతో ఫోను పట్టుకుని విన్నది. మొదటిసారి విన్నప్పుడు తండ్రి పేరు దగ్గరే ఆగిపోయింది. ఆ పేరును ఒక గని మనిషి మామూలుగా, స్నేహంగా పలకడం ఆమె చివరిసారి విన్నది పదేళ్ళ వయసులో. రెండోసారి మొత్తం విన్నది. మూడోసారి తనే అన్నది, నార్మన్ వెంట, నార్మన్ తీరులోనే. ఆ యాసలో పుట్టిన మనిషికి గీతలూ తెరలూ అక్కర్లేదు.

"ఇంకా ఏదో అనబోయాడు" అంది.

"అవును."

"నువ్వు టీ ఇస్తే తాగుతావు గానీ, నేను నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోను."

"నార్మన్ బతికే ఉన్నాడు, తెలుసా? నిరుడు వాళ్ళమ్మాయి తీసుకొచ్చి విట్బీ దారిలో వృద్ధాశ్రమంలో చేర్చింది. పక్షవాతం వచ్చింది. మాట పోయిందంటారు." కెటిల్ పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగింది. "పోనీలే. చూడ్డానికైనా వెళ్దాం."

*

మంగళవారం పొద్దున్న బస్సులో వెళ్ళారు. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ, వానల గురించి తప్ప మాట్లాడుకోలేదు.

నార్మన్ వెల్బర్న్‌కు ఎనభై ఆరేళ్ళు. కిటికీ పక్కన కుర్చీలో కుడిచెయ్యి ఒళ్ళో వదిలేసి కూర్చుని ఉన్నాడు. కాస్త పొడుగ్గా, ఇంకా భుజాలు నిలిచిన మనిషి. నర్సు ముందే చెప్పింది: "అన్నీ అర్థమవుతాయి ఆయనకి. మాటలే రావు. 'అవును', 'కాదు', 'అదేలే' ఈ మూడే. కానీ ఆ మూడింటితోనే మమ్మల్ని అందర్నీ తిడతాడు."

నిజంగానే, ఇద్దరూ పేర్లు చెప్పగానే ఆయన "అదేలే" అన్నాడు, 'ఇన్నాళ్ళకు తీరిందా మీకు' అన్నట్టు. ఐరిస్ పేరు రెండోసారి విన్నాక మాత్రం తిట్టు ఆగిపోయింది. ఆమె ముఖంలో ఎవరినో వెతికాడు.

"సెత్ కూతుర్ని" అంది ఐరిస్.

"అవును" అన్నాడు, మెల్లిగా.

నోరీన్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నార్మన్, మీరు పైబస్ గారితో మాట్లాడింది నేనే టైపు చేశాను. పుస్తకం ఎప్పుడైనా చదివారా?"

"కాదు." చదవలేదని కాదు, ముట్టుకోలేదన్నంత గట్టిగా.

"అందులో ఇలా ఉంది. వినండి." ఆమె పుస్తకంలో ఉన్నట్టు చదివింది. ముందు మాట నేలకు దించి, ఆగి, "భయపడి" అని మూసేసింది.

నార్మన్ ముఖం ఎర్రబడింది. ఎడమచేత్తో కుర్చీ మీద కొట్టాడు. "కాదు. కాదు, కాదు, కాదు." నర్సు తలుపు దగ్గరికి వచ్చి చూసింది.

"నాకు తెలుసు" అంది నోరీన్. "తప్పు నాది. మీరు అలా అనలేదు. ఇలా అన్నారు."

ఈసారి నార్మన్ గొంతుతోనే చెప్పింది, విరవకుండా, చివర లేపి: "సెత్ వెనక ఉండిపోలేదు భయపడీ..."

 ముసలాయన, ఆమె ఎక్కడ వదిలిందో సరిగ్గా అక్కడినుంచి అందుకున్నాడు. మాటలు లేవు. నోరు మూసుకునే, గొంతులోంచి ఒక ఊనిక, దాని వెనక చిన్నవి రెండు, మళ్ళీ ఒక పెద్దది, అక్కడినుంచి నేల దాకా దిగి నిలిచిపోయింది. పూర్తయిన వాక్యం. నలభై నాలుగేళ్ళ కింద టీ కప్పుల చప్పుడుకు ఆగిపోయిన రెండో సగం. మాటలన్నీ రాలిపోయి నడక మాత్రం మిగిలింది.

ఐరిస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ అనండి" అంది నోరీన్.

మళ్ళీ అన్నాడు. అదే నడక, అదే దిగుడు. ఎడమచెయ్యి ఎత్తి, మోచెయ్యి కుర్చీకి ఆనించి నిటారుగా నిలిపాడు. అరచెయ్యి పైకప్పులా పరిచాడు. దాన్ని చూడమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు.

"ఊతదుంగలా?" అంది ఐరిస్. గని ఊళ్ళో పుట్టిన ఎవరికైనా అది తెలుస్తుంది. "కప్పుకి పెట్టే దుంగలా?"

"అవును." ఆ అవును నేలకు తగిలింది.

"మా నాన్న దుంగల కోసం వెళ్ళాడా? జాక్ మీద రాయికి ఊతం పెట్టడానికి?"

"అవును. అవును."

"దుంగల గుట్ట ఎక్కడుండేది? బయటికొచ్చే దారిలోనా?"

"అవును."

 ఐరిస్ ముందుకు వంగి, చాలా జాగ్రత్తగా అడిగింది. "అయితే తిరిగి జాక్ దగ్గరికి వెళ్ళేవాడేనా?"

నార్మన్ వెంటనే అనలేదు. తాను సాయం కోసం పరిగెత్తినవాడు. సెత్ దుంగలు తెస్తానని వెనకనుంచి అరిచింది విన్నాడేమో గానీ, ఆ తర్వాతిది ఏదీ చూడలేదు. అబద్ధం చెప్పడానికి అతని దగ్గర ఒక్క మాట చాలు, ఐరిస్ కూడా అదే కోరుకుంటోంది.

"అవునూ..." అన్నాడు. చివర పైకి లేచింది. నాకు తెలిసినంతలో అవును, నేను చూడలేదు తల్లీ, అని అందులో ఉంది.

"సరే" అంది ఐరిస్. "అది చాలు. చూడనిది చూశానన్నట్టు చెప్పకండి."

బయల్దేరుతుంటే నార్మన్ ఆమె మణికట్టు పట్టుకుని "అదేలే" అన్నాడు. అది తిట్టు కాదు. ఎందుకు ఇన్నాళ్ళూ నోరు విప్పలేదో, ఎందుకు ఆ పుస్తకం ముట్టుకోలేదో, ముగ్గురిలో తానొక్కడే పరిగెత్తి బతికానన్న బాధో, ఏదైనా కావచ్చు. ఐరిస్ చెయ్యి విడిపించుకోలేదు. బస్సు ఒకటి తప్పిపోయింది. తర్వాతి దాంట్లో వెళ్ళారు.

*

పుస్తకంలో ఏం రాయాలన్న దగ్గర ఇద్దరికీ గొడవ వచ్చింది.

కామా తీసేస్తే చాలనుకుంది నోరీన్. ఐరిస్ వంటింట్లో కూర్చుని కామా లేకుండా టైపు చేసి చూపించింది. ఐరిస్ చదివి తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కూడా ఎవడికి కావలసినట్టు వాడు చదువుకుంటాడు. నలభై ఏళ్ళుగా ఒకలాగే చదివినవాళ్ళు కామా లేకపోయినా అక్కడే ఆగుతారు."

"అయితే మార్చి రాద్దాం. 'సెత్ భయంతో కాదు, దుంగల కోసం' అని."

"నార్మన్ అలా అనలేదు. ఒకసారి నువ్వు ఆయన మాటలో చెయ్యి పెట్టినందుకే ఇంతైంది. మళ్ళీ పెడతానంటావా?"

 నోరీన్ రూత్‌కు ఫోను చేస్తే ఆమె 'భయం' అన్న మాటను వాలు అక్షరాల్లో వేయమంది. అది ఐరిస్‌కు అసలే నచ్చలేదు, మందుల సీసా మీద హెచ్చరికలా ఉందంది. చివరికి ఒక చిన్న చీటీ తయారైంది. నలభై ఒకటో పేజీలో అతికించడానికి. నార్మన్ మాటను కామా లేకుండా ఉన్నదున్నట్టు పెట్టి, కింద ఇలా టైపు చేసింది నోరీన్: "టేపులో ఇక్కడ విరుపు లేదు. చివర గొంతు పైకి లేచింది, మాట పూర్తి కాలేదు. సెత్ గార్బట్ ఊతదుంగల కోసం వెళ్ళాడని నార్మన్ వెల్బర్న్ ఇప్పుడు సైగలతో తెలియజేశారు. పుస్తకంలో ఉన్న విరుపు టైపిస్టుది."

"టైపిస్టు అంటే ఎవరు?" అంది ఐరిస్.

నోరీన్ కాగితం మళ్ళీ మిషన్లోకి ఎక్కించి, కింద తన పేరు కొట్టింది.

చీటీలు అతికించడం ఐరిస్ తన మీద వేసుకుంది. గమ్ము సీసా, చీటీల కట్ట సంచిలో వేసుకుని రోజుకు నాలుగైదిళ్ళు తిరిగింది. నోరీన్‌ను వెంట రమ్మంది. అడగలేదు, రమ్మంది. కొన్ని ఇళ్ళల్లో పుస్తకం ఎక్కడుందో వాళ్ళకే తెలియదు. కొందరు "ఎప్పటి మాటో, ఎందుకిప్పుడు" అన్నారు. ఒకాయన చీటీ చదివి "అయితే టైపిస్టుదా తప్పు" అని నోరీన్ వంక చూసి, తర్వాత తన చెప్పుల వంక చూసుకున్నాడు. పుస్తకం వచ్చిన రోజుల్లో చాపెల్ ముందు ఆ పేజీని పైకి చదివి వినిపించినవాడు ఆయనే.

సోవర్బీల ఇల్లు చివరికి మిగిలింది. జాక్ కూతురు పౌలిన్ ఉంటోంది అందులో. ఐరిస్ కంటే రెండేళ్ళు చిన్న. ఒకే వీధిలో పెరిగి, గని కూలేదాకా ఒకే గడపలో ఆడుకుని, తర్వాత అరవై ఏళ్ళు మాట్లాడుకోలేదు. శనివారం మధ్యాహ్నం. పౌలిన్ చేతులకు పిండితో తలుపు తీసింది.

ఐరిస్ చీటీ ఇవ్వబోయింది. పౌలిన్ చేతులు చూపించింది. "కళ్ళద్దాలు లోపలున్నాయి. ఏమిటది? నువ్వే చదువు."

ఐరిస్ చదవడం మొదలుపెట్టింది.  మధ్యలో ఊపిరి తెగి, వద్దన్నచోటే విరిగింది, పాత అర్థమే వచ్చింది. పౌలిన్ ముఖం బిగుసుకుంది. నోరీన్ అందుకోబోతే ఐరిస్ చేత్తో వారించింది. సంచి కింద పెట్టి, నిటారుగా నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్క ఊపిరిలో వెళ్ళింది. భయం మీద ఊని, చివర లేపి, అక్కడే పట్టుకుని నిలబడింది.

పౌలిన్ కొంచెంసేపు ఆ గొంతు దిగుతుందేమోనని చూసింది.

"భయంతో కాకపోతే?" అంది.

"దుంగల కోసం. మీ నాన్న మీద రాయికి ఊతం పెట్టడానికి. తెచ్చేలోపల మళ్ళీ కూలింది."

వీధిలో ఎవరిదో కారు వెళ్ళింది. పౌలిన్ పిండి చేతుల్ని ఏం చేయాలో తెలియక అలాగే గాల్లో పెట్టుకుని నిలబడింది.

"మా అమ్మ ఎప్పుడూ అనేది" అంది చివరికి. "చనిపోయాడన్నదానికి కాదు, చీకట్లో ఒక్కణ్ణీ వదిలేశారని ఏడిచేది. ఎవరో తన కోసం వెళ్ళారని నాన్నకు తెలిసే ఉంటుంది కదా? సెత్ చెప్పే వెళ్ళి ఉంటాడు కదా?"

"పరిగెడుతున్న నార్మన్‌కి తెలిసిందంటే అరిచే చెప్పి ఉంటాడు, అది పక్కనున్న మీ నాన్నకి వినబడకుండా ఎలా ఉంటుంది?" అంది ఐరిస్.

పౌలిన్ మోచేత్తో తలుపు ఇంకా వెడల్పుగా తెరిచింది. ఐరిస్ లోపలికి వెళ్ళింది. నోరీన్ గుమ్మం బయటే ఆగింది. తాను కూడా వెళ్ళవచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. లోపలినుంచి సొరుగు లాగిన చప్పుడు, కళ్ళద్దాల పెట్టె మూసిన చప్పుడు, తర్వాత పౌలిన్ ఆ చీటీని మెల్లిగా, తడుముకుంటూ, తన గొంతుతో పైకి చదవడం వినబడ్డాయి.